తడిగోడ మీద సరంగు మావయ్య పడవ

ఆ రోజుల్లో నాకు ఓపిక చాలా ఎక్కువగా ఉండేదంటే ఇప్పుడు మా ఇంట్లో ఎవ్వరూ నమ్మరు. ఫోన్లో వీడియో తెరుచుకోవడానికి రెండు క్షణాలు పడితే విసుక్కునే మనిషిని, కుక్కర్ని మూడో కూత దాకా కూడా ఉండనివ్వని మనిషిని, ఒకప్పుడు కాచుక్కూర్చోవడమే పనిగా బతికానంటే ఎవరు మాత్రం నమ్ముతారు? కానీ నిజం. మాది పెడన. కలంకారీ అద్దకం ఇల్లు. గుడ్డని కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరనివ్వాలి. నల్లరంగు అచ్చు వేసి ఆరనివ్వాలి. ఎరుపు పట్టడానికి పటిక నీళ్ళ అచ్చు వేసి ఆరనివ్వాలి. కాలవలో జాడించి, ఉడికించి, మళ్ళీ ఆరనివ్వాలి. మా నాన్న నోట్లోంచి రోజు మొత్తం మీద వచ్చే మాటల్లో సగం 'ఆరనీ' అన్న ఒక్క మాటే (నాకూ అక్కకీ జుట్లు పట్టుకునేంత గొడవైనా ఆయన తీర్పు అదే, ఇద్దర్నీ చెరో గదిలో పెట్టి 'ఆరనీ' అనేవాడు). గుడ్డ ఆరిందో లేదో మేం చేత్తో చూడం. రంగుల్లో నానిన చేతికి ఏమీ తెలీదు. చెంపకి ఆనించి చూస్తాం. చల్లగా తగిలితే తడున్నట్టు, చల్లదనం పోతే ఆరినట్టు. నాకు నడక వచ్చేసరికే ఈ విద్య వచ్చేసిందని మా అమ్మ గొప్పగా చెప్పుకునేది.

అలాంటి ఇంట్లో పుట్టి, అందుకు సరిగ్గా తలకిందులుగా ఉండే పనిలో చేరాను. ఆరకముందే రంగు వేసెయ్యాల్సిన పని! గుడివాడలో డ్రాయింగు మాస్టారిగా చేసి రిటైరైన ఒకాయన ఉండేవారు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఎక్కడో ఉత్తరాదికి వెళ్ళి, తడి సున్నం గోడ మీద బొమ్మలు వెయ్యడం నేర్చుకొచ్చారు. రిటైరయ్యాక ఆ పిచ్చి మళ్ళీ తిరగబెట్టింది. గీత బాగా వచ్చిన మనిషి ఒకరు సాయం కావాలని మా నాన్నని అడిగారు. నాన్న 'మా చిన్నదానికి చెయ్యి నిదానం, మనసు నిదానం, తీసుకెళ్ళండి' అని పంపించాడు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను. మాస్టారికి కావలసింది నిదానం కాదని మా ముగ్గురిలో ఎవరికీ అప్పుడు తోచలేదు.

మొదటి రోజే ఆయన నాకు పని సంగతంతా చెప్పారు. 'చూడమ్మాయ్, మామూలు గోడ బొమ్మకీ దీనికీ తేడా ఏంటంటే, అక్కడ రంగు గోడ మీద కూర్చుంటుంది. ఇక్కడ గోడ లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. నానబెట్టి వడకట్టిన సున్నం, ఏటి ఇసుక కలిపి పూస్తాం. పైపూత మటుకు ఆ రోజు ఎంత బొమ్మ వెయ్యగలమో అంతే పూస్తాం. రంగులో జిగురు లేదు, నూనె లేదు, ఉత్తి నీళ్ళే. తడి సున్నం ఆరేటప్పుడు గాలి పీల్చుకుని రాయిలా గట్టిపడుతుంది. దాంతోపాటే రంగునీ పట్టేసుకుంటుంది. ఆ తడి పోయాక నువ్వు కుండెడు రంగు పోసినా గోడ నీ మొహం కూడా చూడదు.' నేను బుద్ధిగా తలూపాను. ఊపి ఊరుకోవచ్చుగా? నా తెలివి చూపించుకోవాలని, పసుపుపచ్చ రంగుకి మంచి కొమ్ము పసుపు వాడదామా మాస్టారూ అన్నాను. ఆయన తడి సున్నం ముద్ద మీద చిటికెడు పసుపు చల్లి నా ముందు పెట్టారు. చూస్తూండగానే ఎర్రగా అయిపోయింది. 'పెళ్ళికూతురు గుమ్మంలోకొస్తే ఎర్రనీళ్ళు దేంతో కలుపుతారే మీ ఇంట్లో?' అని అడిగారు. పసుపూ సున్నమూ కలిపి, పళ్ళెం పట్టుకుని దిష్టి తీసిన చేతులే ఇవి! నాలుక కరుచుకున్నాను. ఆ రోజు నుంచి ఎర్రమట్టి, పచ్చమట్టి, బొగ్గు మసి, ఇవే మా రంగులు. తెలుపు కావాలంటే సున్నమే ఉంది.

మాకు దొరికిన మొదటి పని గిలకలదిండి అవతల ఒక పల్లెలో, అమ్మవారి గుడి. గుడంటే గుడి కాదు, ముందు చిన్న వసారా ఉన్న ఒక్క గది. లోపల విగ్రహం లేదు. వెనక గోడ మీద రాసిన బొమ్మే అమ్మవారు. ఏటా ఎనామిల్ పెయింటుతో వేయించడం, ఏడాది తిరక్కుండానే ఉప్పుగాలికి అది పెచ్చులు పెచ్చులుగా ఊడిపోవడం. అమ్మవారి ముక్కు ఊడితే ఊరంతా ఒకటే బెంగ. 'ఊడని బొమ్మ కావాలండి, నీళ్ళకి నిలవాల' అన్నారు ఊరి పెద్దలు. మాస్టారు మీసం దువ్వి ఒప్పుకున్నారు. వేసవిలో రెండు నెలలు సముద్రంలో చేపల వేట నిషేధం, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. నిషేధం అయిపోయి పడవలు సముద్రంలోకి వెళ్ళే ముందు రోజు అమ్మవారికి పూజ. ఆలోగా గోడ పూర్తి కావాలి.

ఆ ఊళ్ళో మాకు అండ సరంగు మావయ్య. సరంగు అంటే మరపడవ నడిపే పెద్ద. చుట్టరికం ఏమీ లేదు. మొదటి రోజే 'మావయ్యా అని పిలువు, నోరు అరిగిపోదులే' అన్నాడు, పిలిచాను, అంతే. మాకు వాళ్ళింట్లోనే భోజనం. మాస్టారు కృష్ణ ఇసుక కావాలి, అవనిగడ్డ వైపు నుంచి ట్రాక్టరు తెప్పించాలి అంటే మావయ్య సముద్రం వైపు చెయ్యి చాపి, 'ఇంత ఇసక కళ్ళ ముందుండంగా ఏటి ఇసకేంటండి? మా ఇసకేం పాపం చేసింది?' అని నిజంగానే నొచ్చుకున్నాడు. అందులో ఉప్పుంటుంది, గోడకి పడదు అని మాస్టారు నచ్చచెప్పడానికి ఒక పూట పట్టింది. మావయ్యకి ఒకే ఒక్క కోరిక. అమ్మవారి పాదాల దగ్గర కుడివైపున తన పడవ ఉండాలి. మామూలు పడవ కాదు, అచ్చం తన పడవే. ఫోన్లో ఫొటోలు పంపేవాడు, ముందు నుంచి, వెనక నుంచి, ఇంజను గది లోపల నుంచి కూడా (ఇంజను గది బొమ్మలో ఎలా కనపడుతుంది మావయ్యా అంటే, 'కనపడకపోయినా నీకు తెలిసుండాలి కదా' అనేవాడు). చిక్కల్లా ఒక్కటే. ఆయన పడవ నీలం. సున్నం మీద నిలిచే నీలం మా దగ్గర లేదన్నారు మాస్టారు. మావయ్య రెండు రోజులు గుడి వైపే రాలేదు. మూడో రోజు వెళ్ళి చూస్తే, నిషేధంలో మరమ్మతుకి ఒడ్డెక్కించిన అసలు పడవకి ఎర్ర రంగు వేయిస్తున్నాడు! 'గోడకి నీలం పడదంటే పడవే ఎరుపవుద్ది. రెండూ ఒకటే ఉండాల' అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాను. ఆ మాట తర్వాత నా పీకల మీదికి వస్తుందని నాకేం తెలుసు?

పని బాగానే సాగింది. తాపీ పనికి ఒక బాబాయి వచ్చేవాడు. పొద్దున్నే ఆ రోజు ముక్క వరకూ పైపూత పూసేవాడు. మాస్టారు వేలితో నొక్కి చూసేవారు. వేలు దిగకుండా, తడి మాత్రం అంటుకుంటే, 'ఊఁ, పట్టమ్మాయ్!' అని కేకేసేవారు. నేను సూదితో చిల్లులు పొడిచిన కాగితాన్ని గోడకి ఆనించి బొగ్గుపొడి మూటతో తట్టేదాన్ని, గీతలు చుక్కలుగా దిగేవి, ఇక పరుగే. ఆయన ఒక పక్క నుంచి 'తడి! తడి! తడి!' అని అరుస్తూనే ఉండేవారు. ఊళ్ళోవాళ్ళు ఆయనకి తడి మాస్టారని పేరు కూడా పెట్టారు. ముక్క ముక్కగా అమ్మవారు కిరీటం నుంచి పాదాల దాకా దిగి వచ్చింది. ఇక మిగిలింది పడవ ముక్క ఒక్కటే. పూజకి మూడు రోజులుంది. సరిగ్గా అప్పుడే మాస్టారికి గుడివాడలో కంటి శుక్లం ఆపరేషను రోజు వచ్చింది. అప్పటికే రెండుసార్లు వాయిదా వేశారు, ఈసారి వాళ్ళావిడ ఊరుకోలేదు. 'పడవ నువ్వే వేసెయ్. వేలు పెట్టి చూడు, తడి ఉండగా మొదలెట్టు' అని చెప్పి బస్సెక్కేశారు.

ఆ రోజు పొద్దున్న ఏడింటికల్లా తాపీ బాబాయి పైపూత పూసేసి, అవనిగడ్డలో పెళ్ళి ఉందని వెళ్ళిపోయాడు. గదిలో నేనూ గోడా మిగిలాం. నా మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. వేలు పెట్టి చూశాను. ఏమో, మెత్తగా ఉన్నట్టే అనిపించింది. అప్పుడు నా బుద్ధి గడ్డి తిని, పుట్టింటి విద్య గుర్తొచ్చింది. చెంప ఆనించాను. చల్లగా తగిలింది. ఇంకా బోలెడు తడి ఉంది, తొందరెందుకు, కాస్త ఆరనీ అనుకున్నాను. చిల్లుల కాగితం ముందేసుకుని పడవ ముక్కు సరిచేశాను, జెండా సరిచేశాను, తాళ్ళు ఒక్కొక్కటీ లెక్క చూసుకున్నాను. తొమ్మిదింటికి చెంప ఆనించాను, చల్లగానే ఉంది. పదకొండింటికి ఆనించాను, చల్లగానే ఉంది. పన్నెండింటికి సరంగు అత్తయ్య చేపల పులుసు తెచ్చింది. 'గోడకి చెవి పెట్టి ఏం వింటన్నావే?' అంది. 'తడి చూస్తున్నానత్తయ్యా' అన్నాను, అదేదో పెద్ద శాస్త్రమైనట్టు. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. నీడలో ఉన్న సున్నం గోడ ఆరినా ఆరకపోయినా చల్లగానే ఉంటుందన్న ముక్క, పాతిక తానులు చెంపతో చూసిన నాకు తట్టలేదు. గుడ్డకి చెప్పినట్టు గోడకి చెంప నిజం చెప్పదు. బయట నిప్పులు చెరిగే ఎండ, సముద్రం మీద నుంచి ఒకటే గాలి. ఒంటిగంటకి తీరిగ్గా లేచి, కొంగు దోపినట్టు చున్నీ దోపి, బ్రష్ ముంచి మొదటి గీత గీశాను. బ్రష్ జారలేదు. గోడ బ్రష్‌ని పట్టుకుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

చెయ్యాల్సిందేంటో నాకు తెలుసు. ఆ ముక్క చెక్కేసి మళ్ళీ పూయించాలి. మాస్టారికి ఫోన్ చేసి చెప్పాలి. కానీ బాబాయి పెళ్ళిలో ఉన్నాడు, మాస్టారు ఆపరేషను బల్ల మీద ఉన్నారు, 'మా చిన్నదానికి చెయ్యి నిదానం' అని నాన్న మీసం మెలేసి పంపించాడు. (ఇవన్నీ సాకులేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అసలు సంగతి సిగ్గు.) నా సంచిలో ఇంటి దగ్గర అచ్చులకి వాడే తుమ్మ జిగురుంది. దాన్ని నీళ్ళలో నానేసి, రంగులో కలిపి, ఆరిపోయిన గోడ మీద పడవ వేసేశాను. అబ్బ, ఎంత బాగా వచ్చిందని! ఏ తొందరా లేదు కదా, ప్రతి తాడూ ప్రతి మేకూ కుదిరింది. ఎర్ర రంగు నిగనిగలాడింది. సాయంత్రం సరంగు మావయ్య వచ్చి చూసి, వేలు చూపిస్తూ తాళ్ళన్నీ లెక్కపెట్టుకున్నాడు. తర్వాత ఊరంతా వచ్చి చూసింది. 'అమ్మవారి కన్నా పడవే బాగా కుదిరిందే' అని ఒకావిడ అనేసి లెంపలేసుకుంది. మర్నాడు మాస్టారు నల్లకళ్ళద్దాలతో తిరిగొచ్చి, గోడకి రెండు మూరల దూరంలో నిలబడి, 'మెరుస్తోందమ్మాయ్!' అని పొంగిపోయారు. తడిగోడ బొమ్మ మెరవకూడదని నాకు నేర్పింది ఆయనే. కంటికి ఆపరేషను అయిన మనిషి, ఆయన తప్పేముంది? నేను మాత్రం ఆ రెండు రోజులూ అన్నం సహించక, నిజం చెప్పాలని నోరు తెరవడం, 'మాస్టారూ, చుక్కల మందు వేసుకున్నారా?' అని అడిగి మూసుకోవడం. ఆయన ఆ రెండు రోజుల్లో వేసుకోవలసిన దానికన్నా ఎక్కువ చుక్కలే వేసుకున్నారనుకుంటాను.

పూజ రోజు పొద్దున్న ఉత్సాహంగానే లేచాను. నాన్న అద్దకానికి తెచ్చిన తెల్లగుడ్డలో మిగిలిన ముక్కతో కుట్టించుకున్న కొత్త పంజాబీ డ్రెస్సు వేసుకున్నాను. గుడి దగ్గరికి వెళ్తే ఆడవాళ్ళు బిందెలతో బారులు తీరి ఉన్నారు. నీళ్ళలో వేపాకు రొబ్బలు.

'ఇన్ని బిందెలెందుకత్తయ్యా?' అన్నాను.

'ఎందుకేంటే, అమ్మవారికి నీళ్ళు పొయ్యద్దూ? విగ్రహం లేదు కదా మాకు, గోడకే పోస్తాం. ఏటా పోస్తాం. అందుకే కదటే పాత పెయింటు ఊడిపోయేది' అంది సరంగు అత్తయ్య.

నీళ్ళకి నిలవాలి అని వాళ్ళు మొదటి రోజే చెప్పారు. నేను వాన నీళ్ళనుకున్నాను. వాన ఎటూ గది లోపలికి రాదు కదా అని ఆ రెండు రోజులూ నన్ను నేను ఓదార్చుకున్నాను కూడా. అవతల పడవల వాళ్ళంతా తలస్నానాలు చేసి, కొత్త లుంగీలు కట్టి నిలబడ్డారు. రేపు తెల్లారితే లంగరు తీస్తారు. రెండు నెలలుగా పనిలేక కూర్చున్న మనుషులు. వాళ్ళ కళ్ళ ముందు, అమ్మవారి పాదాల దగ్గర, సరంగు మావయ్య ఎర్ర పడవ నీళ్ళలో కరిగి కొట్టుకుపోతే? పక్కన అచ్చం అలాంటి ఎర్ర పడవే రేపు సముద్రంలోకి వెళ్ళాలి. ఒక్క మనిషైనా అందులో కాలు పెడతాడా? మాస్టారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఇస్త్రీ చొక్కాలో, మెడలో బంతిపూల దండతో, నల్లకళ్ళద్దాలతో పెళ్ళికొడుకులా కుర్చీలో కూర్చుని ఉన్నారు. 'మాస్టారూ' అన్నాను. 'చుక్కలు వేసుకున్నానమ్మా' అన్నారు ఆయన.

మొదటి బిందె అమ్మవారి మొహం మీద పోశారు. ఒక్క చుక్క రంగు దిగలేదు. తడిసిన కొద్దీ బొట్టు ఇంకా ఎర్రబడింది, కళ్ళు ఇంకా నల్లబడ్డాయి. డప్పులు మోగాయి, మాస్టారు అద్దాలు తీసి కళ్ళు తుడుచుకోబోతే, వెంట వచ్చిన వాళ్ళావిడ చెయ్యి పట్టుకుని ఆపింది. అప్పుడు సరంగు మావయ్య గొంతు వినపడింది. 'ఇప్పుడు మన పడవకి పొయ్యండమ్మా!'

తర్వాత ఏం చేశానో ఆలోచించి చెయ్యలేదు. ఒక్క గెంతులో వెళ్ళి పడవకి వీపు ఆనించి, చేతులు బారజాపి నిలబడ్డాను. 'ఏంటే పిల్లా, జరుగు!' అని అరిచింది అత్తయ్య. 'ముందు నాకు పొయ్యండత్తయ్యా! నాకు మొక్కుంది!' అన్నాను. ఏం మొక్కు అని ఎవరూ అడగలేదు, మొక్కంటే అడగరు కదా. పోశారు. బిందె తర్వాత బిందె. నెత్తిన వేపాకులు, కళ్ళలో నీళ్ళు, నోట్లో వేపచేదు. గోడకి ఎంత గట్టిగా అతుక్కుంటే పడవ అంత భద్రమని నా వెర్రి నమ్మకం. బిందెలు అయిపోయాయి. అందరూ నా వైపే చూస్తున్నారు, నేను కదలను. 'మొక్కు తీరింది కదే, ఇంక రా' అంది అత్తయ్య. 'ఇక్కడ చల్లగా ఉందత్తయ్యా' అన్నాను. చివరికి ఆవిడ రెక్క పట్టుకుని లాగింది.

గోడ మీద పడవ లేదు. ఎర్రటి మరక నేల దాకా కారుతోంది. డప్పులు ఆగిపోయాయి. సరంగు మావయ్య మొహం చూసి నా గుండె చెరువైపోయింది. ఆయన గోడ వైపే చూస్తూ తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి చేత్తో పట్టుకున్నాడు. పడవ వాళ్ళలో ఎవరో 'రేపు నేను రాను' అన్నాడు మెల్లగా. అప్పుడు నాలో కట్ట తెగింది. 'అమ్మవారికేం కోపం రాలేదు మావయ్యా! అమ్మవారు నిలిచింది చూడండి. పడవొక్కటే పోయింది, ఎందుకంటే అది నేను దొంగతనంగా వేశాను. గోడ ఆరిపోయింది, జిగురు కలిపి వేసేశాను, ఎవరికీ చెప్పలేదు. తప్పంతా నాది, మీ పడవది కాదు' అని ఏడుస్తూ మావయ్య కాళ్ళ మీద పడబోయాను.

వంగేసరికి వెనక నుంచి అత్తయ్య కేక. 'ఉండండెహె! ఇటు చూడండి ముందు!' నా భుజాలు పట్టుకుని గిర్రున తిప్పింది. అందరూ నా వీపు చూశారు. నాకు కనపడదు కదా, వాళ్ళ మొహాలే చూస్తున్నాను. తెల్లటి డ్రెస్సు మీద, వీపు నిండా, ముక్కు, జెండా, తాళ్ళతో సహా ఎర్ర పడవ అచ్చు గుద్దినట్టు దిగి ఉందట. కాకపోతే ఎడమవైపు ఉండాల్సిన ముక్కు కుడికొచ్చి, పడవ నెంబరు తిరగబడింది. అద్దకం ఇంటి పిల్లని కదా, చివరికి నన్నే అద్దేసింది ఆ గోడ.

'పడవ ఎక్కడ మునిగింది? పిల్ల వీపెక్కి ఒడ్డుకొచ్చింది కదా!' అంది అత్తయ్య. గదిలో ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకెవరో. మావయ్య నా చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, వీపుని పట్టి పట్టి చూసి, 'తాళ్ళు బానే దిగినయ్యి' అన్నాడు. తర్వాత మాస్టారి వైపు తిరిగి, 'పంతులుగారూ, మళ్ళీ వేస్తే నిలుస్తదా?' అని అడిగాడు. మాస్టారు కుర్చీలోంచి లేచారు. దండ తీసేశారు. నన్ను చివాట్లు పెడతారనుకున్నాను. 'నేను చూసి మెరుస్తోందని మురిసిపోయానండీ. సగం తప్పు నాది' అన్నారు. 'ఇప్పుడే చెక్కి పూస్తే సాయంత్రానికి బొమ్మ అయిపోతుంది. గట్టిపడ్డానికి మాత్రం రోజులు పడతాయి. అప్పటిదాకా నీళ్ళు పొయ్యకూడదు.'

మావయ్య తువ్వాలు మళ్ళీ తలకి చుట్టుకున్నాడు. 'సరే. మేం వేటకెళ్ళి తిరిగొచ్చేసరికి వారం పది రోజులవుద్ది. వచ్చాక పోద్దాం. పోసేది నువ్వే కోడలా' అన్నాడు. రేపు రానన్నవాడి వైపు చూసి, 'ఒడ్డుకొచ్చిన పడవరా, వస్తావా రావా?' అన్నాడు. వాడు నా వీపు ఇంకోసారి చూసి, వస్తానన్నాడు.

ఆ మధ్యాహ్నం తాపీ బాబాయి చెక్కి పూశాడు. ఊళ్ళో మగవాళ్ళు, ఆడవాళ్ళు, అరుగుల మీది ముసలమ్మలు అందరూ గుడి గుమ్మంలో కిక్కిరిసి నిలబడ్డారు. బాబాయి చెయ్యి తియ్యగానే వేలు పెట్టి నొక్కాను. చెంప జోలికి పోలేదు. వేలు దిగడం మానగానే కాగితం ఆనించాను. 'తడి! తడి! తడి!' అని ఈసారి ఊరంతా అరుస్తోంది. నా జడలో వేపాకులు ఇంకా అలాగే ఉన్నాయి. జెండా కాస్త వంకర పోయింది, ఒక తాడు మర్చిపోయాను, పడవ ముక్కు చప్పిడిగా వచ్చింది. మెరుపు లేదు. బ్రష్ మాత్రం ఎక్కడా ఆగలేదు.

ఇంటికెళ్తే నాన్న నన్ను గుమ్మంలోనే ఆపి, వెనక్కి తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాడు. జరిగిందంతా ఏడుస్తూ చెప్పాను. అంతా విని, 'అచ్చు బానే పడింది' అన్నాడు. ఉతికేస్తానని బకెట్టు దగ్గరికి వెళ్తుంటే, 'అప్పుడే కాదు, ఆరనీ' అన్నాడు. ఆ మాటకి ఏడవాలో నవ్వాలో తెలీక రెండూ చేశాను.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. మబ్బు పడితే భయం, గాలి వీస్తే భయం. వాతావరణం చూసి చూసి ఫోను వేడెక్కిపోయేది. పడవకి ఏమైనా అయితే నా గోడ వల్లనే అయిందని ఆ ఊరు అనకపోయినా నేను అనుకుంటాను, బతికినన్నాళ్ళూ అనుకుంటాను. రోజు మార్చి రోజు బస్సెక్కి వెళ్ళి ఆ గోడ ముందు నిలబడి వచ్చేదాన్ని (ముట్టుకోలేదు, ఒట్టు). తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. వెనక ఐసు పగలగొడుతున్న చప్పుడు, వేలం పాట కేకలు. 'కోడలా, వచ్చేశాం. చేప బానే పడింది. బిందె తీసుకుని రా' అన్నాడు మావయ్య. హమ్మయ్య! ఆ మాట పైకే అనేశాను, నడి వంటింట్లో కూలబడిపోయాను. అంతటితో అయిపోలేదు కదా, ఇంకా నీళ్ళున్నాయి.

బిందె నా చేతికిచ్చి అందరూ వెనక్కి జరిగారు. సగం నీళ్ళు నా కాళ్ళ మీదే ఒలికాయి. మిగతా సగం పోశాను. నీళ్ళు పడవ మీదుగా జారి, నేల మీద మడుగు కట్టాయి. మావయ్య వంగి ఆ నీళ్ళు దోసిట్లోకి తీసుకుని వెలుగులో చూశాడు. తేట నీళ్ళే, ఎరుపు లేదు. 'నిలిచింది' అన్నాడు. అంత సంతోషం నాకు తర్వాత ఎన్ని గోడలు వేసినా రాలేదు.

అవును, గోడలే వేస్తూ బతుకుతున్నాను ఇప్పుడు. మాస్టారు నిచ్చెన ఎక్కడం మానేసి, కింద కుర్చీలో కూర్చుని అరుస్తుంటారు. ఆ డ్రెస్సు ఎన్ని ఉతుకులు ఉతికినా ఎర్రమట్టి మరక పోలేదు. గోడ వద్దన్న జిగురు రంగుని బట్ట మాత్రం వదల్లేదు. ఇప్పుడది నాకు పట్టదు, అయినా పెట్టెలోనే ఉంది. ఏటా వేట మొదలయ్యే ముందు ఆ ఊరు నన్ను పిలుస్తుంది, వెళ్తాను. గుడి గుమ్మంలో ఎవరో ఒకరు అడ్డంగా చెయ్యి పెడతారు. నన్ను ఎప్పుడూ చూడని కొత్త కోడళ్ళు కూడా పెడతారు. 'ముందు వీపు చూపించి లోపలికి రా' అంటారు. మొన్న వెళ్ళినప్పుడు మావయ్యే పెట్టాడు, కర్ర పట్టుకున్న చేత్తో. ఆయన ఇప్పుడు పడవెక్కడం లేదు, కొడుకు నడుపుతున్నాడు, పడవ మాత్రం ఇప్పటికీ ఎరుపే. ఈ వయసులో ఏంటి మావయ్యా అంటూనే గుమ్మంలో వెనక్కి తిరిగి నిలబడ్డాను. ఆయన కళ్ళు చికిలించి నా వీపంతా కలియజూసి, 'ఖాళీనే, పడవ లోపలే ఉన్నట్టుంది, పోయి చూసుకో' అన్నాడు. వెళ్ళి తడి అరచెయ్యి పడవ మీద గట్టిగా అదిమి తీశాను. చేతికి ఏమీ అంటలేదు. ఆ చప్పిడి ముక్కు పడవ అక్కడే ఉంది.